ఎడ్వర్డ్ మేనార్డ్

ఎడ్వర్డ్ మేనార్డ్ (1813 ఏప్రిల్ 26 - 1891 మే 4) అమెరికాకు చెందిన ప్రముఖ దంతవైద్యుడు, ఆయుధ రూపకర్త. పంటి వేరులోని సన్నని నాళంలోకి దూర్చి, కుళ్ళిన మజ్జను బయటకు తీయడానికి పనికివచ్చే పరికరాన్ని ఈయన 1838లో గడియారపు స్ప్రింగును ఆకురాయితో అరగదీసి తయారు చేశాడు. రూట్ కెనాల్ చికిత్స కోసమే ప్రత్యేకంగా రూపొందించిన మొట్టమొదటి పరికరంగా దంతవైద్య చరిత్రకారులు దీనిని పేర్కొంటారు. ఆయుధ చరిత్ర చదివేవారికి మాత్రం మేనార్డ్ పేరు మరొక విధంగా తెలుసు. మేనార్డ్ టేపు ప్రైమరు, మేనార్డ్ కార్బైన్ అనే తుపాకి, ఇత్తడి తూటా కూడా ఈయన సృష్టించినవే. వాషింగ్టన్ నగరంలో అర్ధ శతాబ్దానికి పైగా దంతవైద్యం చేసిన ఈయన 20కి పైగా ఆయుధ సంబంధమైన పేటెంట్లు పొందాడు.

పేరు గురించి ఒక మాట

దంతవైద్య విద్యార్థులు చదివే పాఠ్యపుస్తకాలలో పెక్కింటిలో ఈయన పేరు ఎడ్విన్ మేనార్డ్ అని కనిపిస్తుంది. ఇది పొరపాటు.  వాషింగ్టన్‌లో దంతవైద్యం చేసిన మేనార్డు, తుపాకులకు పేరుపొందిన మేనార్డు ఒక్కరే. ఆయన పేరు ఎడ్వర్డ్. ఈ పొరపాటు కారణంగా స్ప్రింగుతో పరికరం చేసిన వ్యక్తి, తుపాకి చేసిన వ్యక్తి వేరువేరని భావించేవారు ఇప్పటికీ ఉన్నారు.

బాల్యము, విద్యాభ్యాసము

మేనార్డ్ న్యూయార్క్ రాష్ట్రంలోని మాడిసన్ అనే ఊరిలో 1813 ఏప్రిల్ 26న జన్మించాడు. హామిల్టన్ అకాడమీలో చదువుకున్నాడు. 1831లో వెస్ట్ పాయింట్‌లోని సైనిక విద్యాలయంలో చేరాడు గాని, ఆరోగ్యం సహకరించనందున అదే సంవత్సరం ఆ చదువు మానుకోవలసి వచ్చింది. సైనికాధికారి కావలసిన యువకుడు ఆ విధంగా దంతవైద్యం వైపు మళ్ళాడు. సైనిక విద్యాలయంలో గడిపినది కొద్ది కాలమే అయినా, ఆయుధాల మీద కలిగిన ఆసక్తి ఆయనను జీవితాంతం వదలలేదు.

ఆ రోజులలో దంతవైద్యం నేర్పే కళాశాల అంటూ ప్రపంచంలో ఎక్కడా లేదు. మొదటిదైన బాల్టిమోర్ దంతవైద్య కళాశాలను హోరేస్ హేడెన్, చేపిన్ హారిస్ అనేవారు 1840లో స్థాపించారు. అంతకు మునుపు అనుభవజ్ఞుడైన వైద్యుని వద్ద శిష్యరికం చేసి పని నేర్చుకోవడమే మార్గం. పరికరాలను కూడా చాలామంది వైద్యులు తామే చేసుకునేవారు, లేదా కమ్మరుల చేత, గడియారాలు బాగుచేసేవారి చేత చేయించుకునేవారు. మేనార్డ్ 1836లో వాషింగ్టన్‌లో వైద్యం ప్రారంభించాడు. రాజధాని కావడం వలన కాంగ్రెసు సభ్యులు, ఇతర రాజకీయ ప్రముఖులు ఆయన వద్దకు వచ్చేవారు.

మేనార్డ్‌కు పూర్వం పంటి నరం చికిత్స

మేనార్డ్ చేసిన పని విలువ తెలియాలంటే అప్పటి పరిస్థితిని కొంత తెలుసుకోవాలి. పంటి నడుమ ఉండే మెత్తని పదార్థాన్ని దంతమజ్జ అంటారు. రక్తనాళాలు, నరాలు అందులోనే ఉంటాయి. జనం వాడుకలో దీనినే పంటి నరం అంటారు. పుచ్చు లోతుగా దిగి మజ్జను చేరినపుడు వాపు వస్తుంది. పన్ను గట్టిది కనుక లోపలి వాపుకు చోటు ఉండదు. అందుచేతనే పంటిపోటు మనిషిని నిద్రపోనివ్వదు.

పంటిలో పురుగు చేరి తొలిచివేయడం వలన నొప్పి వస్తుందని ప్రాచీన కాలం నుండి చాలా దేశాలలో నమ్మేవారు. నేలములక గింజల పొగ పట్టి పన్నుపురుగు తీస్తామనే వారు తెలుగు పల్లెలలో తిరగడం పెద్దలు ఎరిగినదే. ఫ్రాన్సు దేశస్థుడైన పియరీ ఫోషార్ 1728లో ప్రచురించిన తన గ్రంథంలో ఈ పురుగు సిద్ధాంతాన్ని త్రోసిపుచ్చాడు. మజ్జను తీసివేసే పద్ధతిని కూడా ఆయన వివరించాడు. తరువాత కొందరు ఎర్రగా కాల్చిన తీగతో మజ్జను కాల్చివేసేవారు. 1836లో న్యూయార్క్ దంతవైద్యుడు స్పూనర్ పాషాణంతో మజ్జను చంపే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. దీని వలన నొప్పి తగ్గేది గాని, మందు వేరు దాటి బయటకు పాకితే ఎముక కూడా చచ్చిపోయేది. ఫిలడెల్ఫియాలో ఎడ్వర్డ్ హడ్సన్ అనే వైద్యుడు 19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలోనే వేరు నాళాన్ని బంగారు రేకుతో నింపాడు. అయితే ఎక్కువమందికి ఇవేవీ అందుబాటులో లేవు. పన్ను పీకించుకోవడమే వారికి తెలిసిన చికిత్స. మత్తుమందు ఇంకా రాలేదు. నైట్రస్ ఆక్సైడును దంతవైద్యానికి వాడినది 1844లో, ఈథరును బహిరంగంగా ప్రయోగించి చూపినది 1846లో.

గడియారపు స్ప్రింగుతో పరికరం

నాళంలోని మజ్జను తీయడంలో అసలు చిక్కు ఆ నాళపు ఆకారంలో ఉంది. వేరు కొన దగ్గర నాళం వెడల్పు మిల్లీమీటరులో మూడవ వంతు కూడా ఉండకపోవచ్చు. పైగా అది తిన్నగా ఉండదు, వంకర తిరుగుతుంది. పై దవడలోని మొదటి నమిలే పంటికి మూడు వేర్లు, తరచుగా నాలుగు నాళాలు ఉంటాయి. మామూలు ఇనుప తీగను దూరిస్తే వంగిన చోట వంగినట్లే ఉండిపోతుంది. గట్టి సూదిని దూరిస్తే వంపు దగ్గర గోడను పొడుచుకొని బయటకు పోతుంది, లేదా విరుగుతుంది. వంగాలి, వంగిన తరువాత తిరిగి తన ఆకారానికి రావాలి, అదే సమయంలో పంటి గోడను గీకగలిగినంత కఠినంగా కూడా ఉండాలి. ఈ మూడు గుణాలూ కలిగిన లోహం ఆనాటి మనుషుల చేతికి అందేంత దగ్గరలో ఒకేచోట ఉంది. అది గడియారం లోపల చుట్టుకొని ఉండే స్ప్రింగు.

గడియారపు స్ప్రింగు కర్బనం ఎక్కువగా కల ఉక్కుతో చేస్తారు. దానిని ఎర్రగా కాల్చి, చల్లార్చి, మళ్ళీ కొద్దిగా వేడిచేసి పదును పెడతారు. ఆ పదును వల్లనే అది వేలసార్లు చుట్టినా తెగకుండా మళ్ళీ విచ్చుకుంటుంది. మేనార్డ్ ఆ స్ప్రింగును ఆకురాయితో అరగదీసి, నాళంలోకి దూరేంత సన్నగా చేశాడు. మజ్జను పట్టి లాగడానికి, నాళాన్ని శుభ్రం చేసి కొంత వెడల్పు చేయడానికి ఇది పనికివచ్చింది. శుభ్రపడిన నాళంతో సహా పంటిని బంగారు రేకుతో నింపేవాడు. 1845లో యూరపు పర్యటనకు వెళ్ళినపుడు తన పద్ధతిని అక్కడి వైద్యులకు పరిచయం చేశాడు.

చెప్పుకోవడానికి ఇది చిన్న పనిలాగే కనిపిస్తుంది. చేతితో ప్రయత్నించిన వారికి కష్టం తెలుస్తుంది. పాత గోడగడియారాలు బాగుచేసే దుకాణాలలో విరిగిన స్ప్రింగు ముక్క ఇప్పటికీ దొరుకుతుంది. దానిని అరగదీస్తే రాపిడికి వేడెక్కుతుంది. కొద్దిగా ఎక్కువ వేడెక్కినా పదును పోయి మెత్తబడుతుంది, మెత్తబడితే స్ప్రింగు గుణం ఉండదు. ఒక గాటు లోతుగా పడితే అక్కడే విరుగుతుంది. విరిగిన ముక్క నాళంలో ఉండిపోతే దానిని తీయడం దాదాపు అసాధ్యం. ఈ చివరి ప్రమాదం ఈనాటి దంతవైద్యులను కూడా వేధిస్తూనే ఉన్నది.

మేనార్డ్ పని చేసినది దాదాపు చీకటిలో అని గుర్తుంచుకోవాలి. ఎక్స్ కిరణాలను రాంట్జెన్ కనుగొన్నది 1895లో, అంటే మేనార్డ్ మరణించిన నాలుగేళ్ళకు. వేరు ఎంత పొడవున్నదో, పరికరం కొన ఎక్కడికి చేరిందో చేతి స్పర్శతో ఊహించడమే తప్ప చూసే దారి లేదు. సూక్ష్మక్రిముల వలన చీము పడుతుందనే సంగతి కూడా 1838లో ఎవరికీ తెలియదు. లాలాజలం పడకుండా పంటి చుట్టూ కట్టే రబ్బరు పొర 1864లో బార్నమ్ అనే వైద్యుడు కనిపెట్టే వరకు లేదు.

ఇతర దంతవైద్య కృషి

పై దవడ ఎముకలో, చెంప వెనుక ఉండే గాలి గదుల ఆకారం, పరిమాణం, స్థానం మనిషికీ మనిషికీ ఎంతో తేడాగా ఉంటాయని మేనార్డ్ 1846లో ప్రకటించాడు. నమిలే పళ్ళ వేర్ల కొనలు కొందరిలో ఈ గదుల అడుగును తాకుతూ ఉంటాయి. అందువలన పై పళ్ళకు వేరు చికిత్స చేసేవారికి ఇది తెలియవలసిన విషయం.

1857లో బాల్టిమోర్ దంతవైద్య కళాశాలలో సిద్ధాంతము, వైద్యాచరణ శాఖకు ఆచార్యునిగా పనిచేశాడు. చివరి సంవత్సరాలలో వాషింగ్టన్‌లోని నేషనల్ విశ్వవిద్యాలయంలో కూడా అదే విషయాన్ని బోధించాడు.

యూరపులో ఉండగా రష్యా చక్రవర్తి మొదటి నికొలస్ ఆయనను ఆస్థాన దంతవైద్యునిగా ఉండమని కోరాడు. మేనార్డ్ అంగీకరించక స్వదేశానికి తిరిగి వచ్చాడు. తరువాతి కాలంలో ప్రష్యా ప్రభుత్వం రెడ్ ఈగిల్ గౌరవాన్ని, స్వీడన్ రాజు ఒక పతకాన్ని ఆయనకు బహూకరించారు.

తుపాకులు, తూటాలు

1845 సెప్టెంబరు 22న మేనార్డ్ టేపు ప్రైమరుకు పేటెంటు పొందాడు. అంతకుముందు చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలే తుపాకులు ఉండేవి. వాటి స్థానంలో, దెబ్బ తగిలితే పేలే రాగి టోపీలను వాడే తుపాకులు వస్తున్నాయి. ప్రతిసారి ఒక చిన్న టోపీని వ్రేళ్ళతో తీసి తుపాకి చనుమొనకు తొడగాలి. చలిలోను, యుద్ధపు తొందరలోను ఇది కష్టమయ్యేది. మేనార్డ్ రెండు సన్నని కాగితపు పట్టీల నడుమ పాదరసపు ఫల్మినేటు చుక్కలను వరుసగా అమర్చి, తడి తగలకుండా వార్నిషు పూసి, చుట్టగా చుట్టి తుపాకిలో పెట్టాడు. సుత్తిని వెనక్కు లాగినపుడు పట్టీ ఒక చుక్క ముందుకు జరుగుతుంది. సుత్తి పడినపుడు ఆ చుక్క పేలి మందుగుండు అంటుకుంటుంది. దీపావళికి పిల్లలు రీలు చుట్ట పెట్టి పేల్చే తుపాకి పనిచేసేది సరిగ్గా ఈ సూత్రం మీదనే. పాఠకులలో చాలామంది మేనార్డ్ ఆలోచనను చిన్నతనంలో చేత పట్టుకున్నవారే అన్నమాట.

అమెరికా యుద్ధశాఖ 1855 నమూనా స్ప్రింగ్‌ఫీల్డ్ తుపాకిలో ఈ పద్ధతిని చేర్చింది. అప్పటి యుద్ధ కార్యదర్శి జెఫర్సన్ డేవిస్. తరువాత ఆయనే దక్షిణ రాష్ట్రాల సమాఖ్యకు అధ్యక్షుడయ్యాడు. అయితే కాగితపు పట్టీ తేమకు పాడై సరిగా పేలక సైనికులను ఇబ్బంది పెట్టింది. 1861 నమూనాలో దీనిని తొలగించి మళ్ళీ రాగి టోపీలకే వెళ్ళారు.

టేపు ప్రైమరు కంటె ఎక్కువ కాలం నిలిచినది ఇత్తడి తూటా. వెనుక నుండి మందు నింపే తుపాకికి 1851లో, ఇత్తడి తూటాకు 1856లో ఆయన పేటెంట్లు తీసుకున్నాడు. వెనుక నుండి నింపే తుపాకులలో అప్పటికి ఉన్న పెద్ద లోపం, పేలినపుడు వేడి వాయువు సందులలో నుండి వెనుకకు తన్నుకు రావడం. మేనార్డ్ తూటా ఇత్తడి గొట్టం పేలుడు ఒత్తిడికి వ్యాకోచించి గోడలకు అతుక్కొని సందును మూసివేసేది. అడుగున వెడల్పాటి బిళ్ళ, దాని నడుమ సూదిబెజ్జమంత రంధ్రం ఉండేవి. బయట పేలిన టోపీ మంట ఆ రంధ్రం గుండా లోపలికి పోయేది. పేలిన తరువాత వెడల్పాటి అంచును పట్టుకొని ఖాళీ గొట్టాన్ని బయటకు లాగి, మళ్ళీ మందు, గుండు పెట్టి అనేకసార్లు వాడుకోవచ్చు. సన్నని గొట్టాన్ని శుభ్రం చేయడం, చివర సందు లేకుండా మూయడం ఆయన పంటిలోను, తుపాకిలోను చేసిన పని. ఈ పోలిక ఆయనకే తట్టి ఉండాలి అనిపించక మానదు.

మసాచుసెట్స్ ఆర్మ్స్ కంపెనీ చికోపీ ఫాల్స్‌లో ఈ తుపాకులను తయారు చేసింది. 1861లో అంతర్యుద్ధం మొదలు కాకముందే జార్జియా, మిసిసిపీ, ఫ్లోరిడా రాష్ట్రాలు మొదటి నమూనా తుపాకులను కొన్నాయి. అవి దక్షిణాది సైనికుల చేతికి చేరాయి. యుద్ధం చివరి దశలో, 1864-65లలో ఉత్తరాది ప్రభుత్వం రెండవ నమూనా తుపాకులను సుమారు 20,000 తీసుకుంది. ఈ విధంగా ఒకే దంతవైద్యుని తుపాకి ఇరువైపులా పేలింది. మనుషుల నొప్పి తీర్చడం వృత్తిగా గల వ్యక్తి మరణసాధనాలను మెరుగుపరచడంలో ఇంత శ్రద్ధ చూపడం కొందరికి వింతగా తోచవచ్చు. సన్నని లోహపు పని మీద ఆయనకు గల మక్కువకు ఈ రెండు దారులూ దొరికాయి. రెండవ దారిలో మరణించినవారి లెక్కను ఆయన దంతవైద్య చరిత్ర రాసేవారు సాధారణంగా ప్రస్తావించరు.

మేనార్డ్ తరువాత ఆ పరికరం

చేతితో ఒక్కొక్కటిగా అరగదీసే పరికరాలు 19వ శతాబ్దం చివరికి కర్మాగారాలకు చేరాయి. అమెరికాలోని డెట్రాయిట్‌లో కెర్ సోదరుల సంస్థ 1891లో, అంటే మేనార్డ్ మరణించిన సంవత్సరంలోనే ప్రారంభమైంది. ఆ సంస్థ పేరులోని మొదటి అక్షరంతోనే నేటికీ కె-ఫైలు అనే పేరు వాడుకలో ఉంది. దీని తయారీ సులభంగా అర్థమవుతుంది. కొన వైపు సన్నబడేలా తీగను నాలుగు పలకలుగానో మూడు పలకలుగానో చెక్కి, దానిని మెలిపెడతారు. మెలికల అంచులే కోసే పదునులవుతాయి. హెచ్-ఫైలును మెలిపెట్టరు, గుండ్రని తీగను మరమేకు మాదిరిగా సానపడతారు. ముళ్ళ బ్రోచిని, అంటే మజ్జను చిక్కించుకొని లాగే పరికరాన్ని, మెత్తని తీగ మీద ఏటవాలుగా గాట్లు పెట్టి ముళ్ళు లేపి చేస్తారు. అందుకే అది తొందరగా విరుగుతుంది.

చాలాకాలం ఒక్కొక్క కంపెనీ తన ఇష్టం వచ్చిన కొలతలతో పరికరాలు అమ్మేది. ఒకరి మూడవ నంబరు మరొకరి మూడవ నంబరుకు సరిపోయేది కాదు. 1958లో ఇంగిల్, లెవైన్ అనేవారు ఒకే కొలమానాన్ని ప్రతిపాదించారు. దాని ప్రకారం పరికరం నంబరు దాని కొన వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరవ వంతులలో తెలుపుతుంది. 25వ నంబరు కొన 0.25 మి.మీ. ఉంటుంది. కోసే భాగం పొడవు 16 మి.మీ. ప్రతి మిల్లీమీటరుకు 0.02 మి.మీ. చొప్పున లావు పెరుగుతుంది కనుక ఆ భాగం చివర వ్యాసం 0.57 మి.మీ. అవుతుంది. పిడి రంగులు కూడా నిర్ణయించారు: 15 తెలుపు, 20 పసుపు, 25 ఎరుపు, 30 నీలం, 35 ఆకుపచ్చ, 40 నలుపు. తరువాత ఇవి అంతర్జాతీయ ప్రమాణాలయ్యాయి.

కర్బనపు ఉక్కు ఆవిరిలో శుద్ధి చేస్తే తుప్పు పట్టేది. దాని స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చింది. తుప్పు సమస్య తీరింది గాని, లావు నంబర్లలో అది బిగుసుగా ఉండి వంకర నాళాలను తిన్నగా చేసి పాడుచేసేది. 1988లో హర్మీత్ వాలియా, బ్రాంట్లీ, గెర్స్టీన్ అనే ముగ్గురు పళ్ళ వరుసలు సరిచేయడానికి వాడే నికెల్-టైటానియం తీగను చెక్కి ఫైలుగా చేసి, అది స్టీలు కంటె రెండు మూడు రెట్లు ఎక్కువగా వంగి తిరిగి తిన్నగా అవుతుందని చూపారు. ఈ మిశ్రమలోహం అమెరికా నౌకాదళపు ఆయుధ ప్రయోగశాలలో బయటపడినది. గడియారం నుండి తెచ్చిన ఉక్కులో మేనార్డ్ వెతికిన గుణం ఆ విధంగా 150 సంవత్సరాల తరువాత, మళ్ళీ ఆయుధాల వారి చేతి మీదుగానే దంతవైద్యానికి వచ్చింది.

తెలుగు ప్రాంతంతో పోలిక

మేనార్డ్ స్ప్రింగును అరగదీసిన 1838లో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలు నిజాం నాసిరుద్దౌలా పాలనలో ఉండేవి. 18వ శతాబ్దంలో కట్టిన జగిత్యాల కోటలోని ఫిరంగులు గొట్టం ముందు నుండి మందు కూరే పాత రకానివి. మేనార్డ్ మార్చదలచినది అటువంటి పద్ధతినే. పంటిపోటుకు ఇక్కడి వారి మందు లవంగం. లవంగనూనెలోని యూజినాల్ నొప్పిని నిజంగానే తగ్గిస్తుంది. యూజినాలును జింక్ ఆక్సైడుతో కలిపిన ముద్దను వేరు నాళం నింపడానికి, తాత్కాలికంగా పన్ను మూయడానికి ఆధునిక దంతవైద్యులు కూడా వాడుతూ వచ్చారు.

భారతదేశంలో దంతవైద్య విద్యకు పునాది వేసినది డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. ఆయన 1920లో కలకత్తాలో కళాశాల స్థాపించాడు. 1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది. జిల్లా కేంద్రాలకు, చిన్న పట్టణాలకు ఈ చికిత్స చేరడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. అంతవరకు నరం పోటు వచ్చినవారు పన్ను పీకించుకోవడం మామూలు. ఇప్పుడు జగిత్యాలలోనో సిరిసిల్లలోనో దంతవైద్యుని బల్ల మీద రంగురంగుల పిడులతో వరుసగా గుచ్చి ఉంచిన సన్నని సూదుల పెట్టెను చూడవచ్చు. మేనార్డ్ చేసిన పరికరం సంతతి అదే.

కుటుంబము, మరణము

మేనార్డ్ కుమారుడు జార్జ్ విలోబీ మేనార్డ్ (1843 - 1923) పేరుపొందిన చిత్రకారుడు. వాషింగ్టన్‌లోని కాంగ్రెసు గ్రంథాలయంలో గోడల మీద ఆయన చిత్రించిన బొమ్మలను ఇప్పటికీ చూడవచ్చు.

ఎడ్వర్డ్ మేనార్డ్ 1890 వరకు వైద్యం చేస్తూనే ఉన్నాడు. 1891 మే 4న వాషింగ్టన్‌లో తన 78 ఏళ్ళ వయసులో మరణించాడు. ఆయన తుపాకులు అమెరికాలోని పలు ప్రదర్శనశాలలలో ఉన్నాయి.